విత్తనపు వడ్లు బస్తాలోనూ ఊపిరి తీస్తాయి

వచ్చే పంటకు సొంత విత్తనం దాచుకునేవారు, బస్తాలోని వడ్లు నిద్రపోతున్నట్టు కనిపించినా శ్వాసిస్తూనే ఉంటాయని, మొలకకు ఆధారమైన పిండిపదార్థాన్ని కొద్దికొద్దిగా ఖర్చు చేసుకుంటూ కార్బన్ డయాక్సైడ్‌ను, నీటిని, వేడిని విడుదల చేస్తాయని గుర్తుంచుకోవాలి. గింజలో తేమ పెరిగేకొద్దీ ఈ ఖర్చు పెరుగుతుంది. సరిగా ఆరని బస్తాలోకి చెయ్యి దూర్చితే లోపల వెచ్చగా తగలడానికి కారణం ఇదే, దానికి బూజు కూడా తోడవుతుంది. అందుచేత తేమ 13 శాతానికి మించకుండా ఆరబెట్టి, బస్తాలను నేల మీద కాక చెక్కల మీద పేర్చాలి. తేమ కొలిచే మీటరు లేనివారు గింజను పంటితో కొరికి చూడవచ్చు: మెత్తగా నలిగితే ఇంకా ఎండలేదు, పటుక్కున విరిగితే ఆరినట్టే. ఇది అంత కచ్చితమైన కొలత కాదు గానీ, వట్టి కంటిచూపు కంటే నయం.

ఇలా సొంత విత్తనం దాచుకోవడం బీపీటీ 5204 (సాంబ మసూరి) వంటి సూటి రకాలకే, అంటే తరతరానికీ ఒకేలా పండే హైబ్రిడ్ కాని రకాలకే పనికొస్తుంది. హైబ్రిడ్ వరిలో జన్యువులు తరువాతి తరంలో విడిపోయి కొత్త కలయికలు ఏర్పడతాయి కనుక, ఎంత శ్రద్ధగా ఆరబెట్టినా ఆ గింజల నుంచి ఎత్తులోను, కోతకొచ్చే కాలంలోను పొంతన లేని మొక్కలే వస్తాయి. విత్తడానికి ముందు 100 గింజలను తడి గోనెపట్టాలో చుట్టి మొలకలు లెక్కించాలి. 80 కంటే తక్కువ వస్తే, మందు కలపని ఆ వడ్లను మరకు పంపడమే మేలు.