ఎంజీబీ కొనే ముందు మోకాళ్ల మీద కూర్చుని చూడండి

ఇంగ్లండ్‌లో ఏప్రిల్ రాగానే ఎండ కాస్త గట్టిగా కాస్తుంది. సరిగ్గా అప్పుడే పాత ఓపెన్ టాప్ కార్ల ప్రకటనలు ఎక్కువవుతాయి. ఇక్కడుండే మన తెలుగువాళ్లలో ఈ ఇష్టం ఉన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఎంజీబీ గురించే. 1962 నుంచి 1980 వరకు ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఆబింగ్డన్‌లో తయారైన కారు ఇది. అన్ని రకాలూ కలిపి ఐదు లక్షలకు పైగా వచ్చాయి కాబట్టి స్పేర్ పార్టులు ఇప్పటికీ సులభంగా దొరుకుతాయి. 1798 సీసీ ఇంజిన్‌లో పెద్ద చిక్కుముడులేమీ లేవు, చేతికి పని అలవాటున్నవాళ్లు చాలావరకు ఇంటి దగ్గరే బాగు చేసుకోవచ్చు.

అందుకే ఇంజిన్ చూసి కొనకండి, రేకు చూసి కొనండి అంటాను. ఎంజీబీకి విడిగా ఛాసీ, అంటే కారును మోసే చట్రం, ఉండదు, బాడీయే ఛాసీ. తలుపుల కింద పొడవుగా కనిపించే సిల్స్ అందం కోసం పెట్టినవి కావు. కారు నడుము వంగకుండా పట్టుకునేది అవే. బయటి రేకు, లోపల ఇంకో రెండు పొరలు, అడుగున ఇంకో పట్టీ ఉంటాయి. నీళ్లు, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు లోపలికి చేరి, ఈ పొరలను లోపలి నుంచే తినేస్తాయి. బయట మాత్రం పెయింట్ తళతళలాడుతూనే ఉంటుంది.

నా మొదటి ఎంజీబీ విషయంలో నేను మోసపోయింది అక్కడే. అమ్మినాయన కొత్తగా సిల్స్ వేయించానన్నారు. నిజంగానే వేయించారు, కాకపోతే కుళ్లిన పాత రేకు తీయకుండా దాని మీదే కొత్త రేకు అతికించి వెల్డింగ్ చేయించారు. తర్వాత రెండు వైపులా అంతా కోసి తీసి సరిగ్గా చేయించడానికి కారు కొన్న డబ్బులో సగం పైగా పోయింది. ఆ బాధ ఇంకొకరికి రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

చూడటానికి వెళ్లేటప్పుడు పాత బట్టలు, టార్చ్ లైట్, గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం తీసుకెళ్లండి. సిల్స్, ముందు రెక్కల (ఫెండర్ల) కింది భాగం, వెనక చక్రాల పైన ఉన్న వంపు, ఇవన్నీ అయస్కాంతంతో తడమండి. అది అతుక్కోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది. తలుపుకు, బాడీకి మధ్య సందు పైనా కిందా ఒకేలా ఉందా చూడండి. తర్వాత అమ్మే ఆయన్ని అడిగి, సిల్ మధ్యలో ఉండే జాకీ పాయింట్ దగ్గర కారు కొంచెం ఎత్తించండి. ఎత్తగానే ఆ సందు మారినా, తలుపు బిగుసుకున్నా నడుము పోయినట్టే, బేరం అక్కడితో ఆపేయండి. ఆ చోట జాకీ పెట్టనివ్వను అంటే కూడా అంతే. ఎంత మంచి కారైనా జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టాకే దూరండి. సీట్ల కింద కార్పెట్ ఎత్తి ఫ్లోర్ చూడటం, సీట్ల వెనక బ్యాటరీ పెట్టె చూడటం మర్చిపోవద్దు. 1974 దాకా అక్కడ ఆరు వోల్టుల బ్యాటరీలు రెండు ఉండేవి, యాసిడ్ కారి చుట్టూ రేకు పోయి ఉంటుంది.

ఇంజిన్ బాగా వేడెక్కాక 50 మైళ్ల వేగంలో ఆయిల్ ప్రెషర్ 50 పీఎస్ఐ దగ్గర గానీ ఆ పైన గానీ ఉంటే చాలు. వైర్ వీల్స్ (కమ్మీల చక్రాలు) ఉంటే కారును ముందుకు, వెనక్కి నెమ్మదిగా కదిపి చూడండి. టక్కుమని శబ్దం వస్తే లోపలి పళ్లు అరిగిపోయి ఉండొచ్చు.

40 ఏళ్లు దాటిన, పెద్ద మార్పులు చేయని కారుకు 2018 మే నుంచి ఎంఓటీ, అంటే కారు రోడ్డు మీద తిరగడానికి తగినదేనా అని ఏటా చేసే పరీక్ష, తప్పనిసరి కాదు. దాన్ని వరం అనుకోకండి. కారు రోడ్డు మీదికి తగిన స్థితిలో ఉంచడం చట్టప్రకారం మీ బాధ్యతే. పాత ఎంఓటీ రికార్డులు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, నంబరు కొట్టి తుప్పు అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో చదవండి. కొన్నాక కూడా ఏటా ఒకసారి ఎంఓటీ చేయించండి. రోడ్ టాక్స్ సున్నా అయినా ప్రతి ఏడాదీ నమోదు చేయాలి. ఇన్సూరెన్స్ కారు విలువ ముందే ఒప్పుకుని రాసిచ్చేదై ఉండాలి.

నన్ను నిజంగా భయపెట్టేవి రెండున్నాయి. ఒకటి మంట. ఈ ఇంజిన్‌లో కార్బురేటర్లు సరిగ్గా ఎగ్జాస్ట్ పైనే ఉంటాయి. పైపు పగిలి పెట్రోల్ కారితే వేడి ఇనుము మీదే పడుతుంది. 2021 సెప్టెంబర్ నుంచి బ్రిటన్‌లో మామూలు 95 ఆక్టేన్ పెట్రోల్ ‘ఈ10’ (పది శాతం దాకా ఇథనాల్ కలిపినది) అయింది, అందులోని ఇథనాల్ పాత రబ్బరును పాడుచేస్తుంది. అందుకని ఇథనాల్ తక్కువుండే సూపర్ గ్రేడ్ ‘ఈ5’ పోయించండి, పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకునేవి వేయించండి, చేతికందే చోట ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకోండి. బ్యాటరీకి కట్ ఆఫ్ స్విచ్ కూడా. రెండోది బ్రేకు. చాలా ఎంజీబీల్లో బ్రేక్ లైన్ ఒకటే, ఎక్కడ లీకైనా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది, మిగిలేది హ్యాండ్ బ్రేక్. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చండి, రబ్బరు పైపులు పగుళ్లిచ్చాయేమో చూస్తుండండి. టైర్ పక్కన ఉండే నాలుగంకెల కోడ్ అది తయారైన వారం, సంవత్సరం చెబుతుంది. చూడటానికి గాడి ఉన్నా, పదేళ్లు దాటితే మార్చేయండి.

ఉప్పు చల్లడం మొదలయ్యాక కారు బయటికి తీయకండి. అంతకుముందే అడుగు భాగం బాగా కడిగి, సిల్స్, తలుపుల కింద నీళ్లు పోయే రంధ్రాలు శుభ్రం చేసి, ఆరనిచ్చి లోపల మైనం కొట్టించండి. కూలెంట్‌లో సగానికి సగం యాంటీఫ్రీజ్ ఉండాలి, లేకపోతే గడ్డ కట్టి ఇంజిన్ బ్లాకే పగలొచ్చు. ప్లాస్టిక్ కవర్ వేయొద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. హ్యాండ్ బ్రేక్ వదిలేసి చక్రాలకు చెక్కలు పెట్టండి, లేకపోతే బ్రేకు పట్టేసుకుంటుంది.

మళ్లీ వసంతంలో తీసిన మొదటి రోజు ఇంటి చుట్టుపక్కల పది మైళ్లే నడపండి. తిరిగొచ్చాక ఇంజిన్ కింద పెద్ద అట్ట పరిచి రాత్రంతా ఉంచండి. పొద్దున్నే ఆ అట్ట మీద పడిన చుక్కల్లో ఏది నల్లగా (ఆయిల్) ఉందో, ఏది నీలంగానో పచ్చగానో (కూలెంట్) ఉందో, ఎక్కడ పడిందో చూసుకుని, అప్పుడు దూర ప్రయాణం పెట్టుకోండి.