గుర్రపుశాల యజమానికి మనసు పాఠాలు – 4: ముహూర్తాలు లేని నెలలో జీతం మాట

పోయిన పాఠంలో చెప్పిన నిద్ర పుస్తకం, అదే, రాత్రి ఎన్నింటికి మెలకువ వచ్చిందో రాసుకునేది, వారం రోజులు రాశారా? నాది తిరగేస్తే, ఆదివారం తప్ప మిగతా ఆరు రాత్రులూ రెండున్నరకే మెలకువ. ఆదివారం మైపాడు బీచ్ ఇసుకలో సవారీలు తిప్పిన డబ్బులు జేబులో ఉంటాయి, కన్ను మూతపడింది. అంటే నా జబ్బు నిద్రది కాదు, పెళ్ళిళ్ళకు గుర్రాలిచ్చే మనకు రాబడి తగ్గే ఆషాఢానిది.

అందుకని ఈసారి నేర్చుకునేది ఒకే పని: జీతం గురించి సాయీసు (గుర్రాల్ని చూసుకునే పనివాడు) అడగకముందే మనం నోరు విప్పడం.

పెళ్ళిళ్ళు ఆగితే లైటింగ్ వాళ్ళు సామాను గోడౌన్‌లో పడేసి తాళం వేసుకుంటారు. మనకు ఆ వీలు లేదు. 350 కిలోల గుర్రానికి రోజుకు ఏడు కిలోల దాకా ఎండుమేత పడాలి, నీళ్ళు పాతిక లీటర్లకు తగ్గకూడదు, ఎండల్లో ఇంకా ఎక్కువే. ఖర్చు కలిసొస్తుందని నీళ్ళ దగ్గరో మేత దగ్గరో అశ్రద్ధ చేస్తే కడుపుశూల. గుర్రం వాంతి చేసుకోలేదు, కడుపులో పట్టిందంటే ప్రాణం మీదికే. ఇంత బరువు తలలో పెట్టుకొని ఎవరికీ చెప్పకుండా తిరుగుతాం. యజమాని అన్నాక దిగులు కనపడకూడదంట! ఈ మాట మన పెద్దోళ్ళు ఎందుకు నేర్పారో గానీ, చాలా నష్టం చేసింది.

ముందు పగటి వేళ రెండు కాగితాలు తీసుకోండి. మొదటిదాంట్లో లెక్కకు వచ్చేవి: చేతిలో ఎంతుంది, దాణా ఎన్నాళ్ళకు సరిపోతుంది, జీతాలెంత, శ్రావణానికి అడ్వాన్సు పడిన పెళ్ళిళ్ళెన్ని. రెండోదాంట్లో లెక్కకు రానివి: మార్వారీ గుర్రాన్ని అమ్మాల్సొస్తుందేమో, బామ్మర్ది నవ్వుతాడేమో. రాత్రి మెలకువ వచ్చినప్పుడు మనల్ని నమిలేది ఎక్కువగా ఈ రెండో కాగితమే. దాన్ని మడిచి జీను పెట్టెలో పడేయండి. పని మొదటిదానితోనే.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఒక ఆషాఢంలో జీతం రోజు దగ్గరపడుతుంటే శాలకు పోవడమే తగ్గించాను. సాయీసు ఫోన్ చేస్తే "ముహూర్తాలు రానీ భాయ్, చూద్దాం" అనేవాణ్ణి. ఆ 'చూద్దాం'లో రోజు లేదు, రూపాయి లేదు. ఒక పొద్దున అతను చెప్పకుండా ఊరెళ్ళిపోయాడు. నేను పోయేసరికి మిట్టమధ్యాహ్నం, నీళ్ళ తొట్టి ఎండిపోయి ఉంది, ఆడగుర్రం దాన్ని నాకుతోంది. కోపం అతని మీద వచ్చింది. అది నా మీదికి తిరగడానికి రెండు రోజులు పట్టింది.

మాట ఇలా ఉండాలి: "భాయ్, ఐదో తేదీన సగం ఇస్తా. మిగతాది శ్రావణంలో మొదటి పెళ్ళి అయిన మర్నాడు. పిల్లోడి ఫీజేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పు, దాన్నిబట్టి ముందూ వెనకా సర్దుకుందాం." తేదీ చెప్పలేని పరిస్థితి ఉంటే ఆ ముక్కే చెప్పి, మళ్ళీ ఎప్పుడు కూర్చునేదీ చెప్పండి. అతను కోప్పడితే పడనీయండి. "నాకు మాత్రం లేవా కష్టాలు" అని మాత్రం అనొద్దు. ఆ మాటతో అవతలి నోరు మూతపడుతుంది.

చోటు కూడా ముఖ్యమే. కుర్చీ వేసుకొని పిలిపిస్తే సాయీసు చేతులు కట్టుకొని నిలబడతాడు. మాలీసు చేసేటప్పుడు పోయి మీరూ ఒక బ్రష్ అందుకోండి. ఇద్దరి కళ్ళూ గుర్రం మీదే ఉంటాయి, చేతులు ఆడుతుంటాయి, మాట దానంతటదే వస్తుంది. ఒక్కటడిగి ఊరుకోండి: "ఈ మధ్య నిద్ర పడతాందా భాయ్?"

రోజూ తొట్టి కడిగే మనిషి కడగడం మానేసినా, ఎన్నడూ లేంది గుర్రం మీద చెయ్యి చేసుకున్నా, తాగుడు పెరిగినా, తన వస్తువులు అందరికీ పంచేస్తున్నా పట్టించుకోండి. "ఎందుకన్నా ఈ బతుకు" అన్నాడంటే డొంకతిరుగుడు వద్దు. "చచ్చిపోవాలనిపిస్తుందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది భయమే, నిజం కాదు. అవునంటే ఒంటరిగా వదలకండి, పురుగుమందూ తాళ్ళూ అందకుండా తీసేయండి, అక్కడినుంచే 14416కి ఫోన్ చేయండి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ అది, మనసు బాధలకు ఫోన్‌లో సాయం చేసేది. ఉచితం, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నెల్లూరు, ఒంగోలు పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్యులూ ఉంటారు. ఆ నంబరు సాయీసు కోసమే అనుకోకండి. రెండున్నరకి లేచే యజమానికీ అదే నంబరు. నేనూ చేశాను.

ఈ వారం పని: మొదటి కాగితం రాసి, జీతం రోజుకు కనీసం ఐదు రోజుల ముందు ఆ మాట చెప్పండి. చెప్పిన రాత్రి నిద్ర పుస్తకంలో ఏం రాశారో దాచి ఉంచండి, ఆరో పాఠంలో దాంతో పనుంది. వచ్చే పాఠం, గుర్రాన్ని పూడ్చిన మర్నాడు ఆ ఖాళీ గదిని ఎవరు ఊడవాలి అన్నదాని గురించి.