ఘాటు మిరప నారును ఇంటి లోపల పెంచుకొనే విధానం

మిరప విత్తనం మొలవనప్పుడు విత్తనం మంచిది కాదని నిర్ణయించుకోవడం తొందరపాటు అవుతుంది. చాలాసార్లు లోపం ఉండేది విత్తనంలో కాదు, అది పడిన మట్టి వెచ్చదనంలో. గది మనకు హాయిగా ఉన్నంత మాత్రాన మట్టి మిరపకు చాలినంత వెచ్చగా ఉన్నట్లు కాదు; తడి ఆవిరైపోతూ ఉండటం వల్ల నారుపోసిన మట్టి చుట్టూ ఉన్న గాలికంటే కొంత చల్లగానే ఉంటుంది. మిరప చక్కగా మొలవాలంటే మట్టి 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. 15 డిగ్రీలకు దిగితే మొలక దాదాపు ఆగిపోతుంది, నానిన గింజ కుళ్లడం మొదలవుతుంది. అందుచేత నారు ట్రే కింద పరిచే హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే చాప), మట్టిలో గుచ్చే చిన్న థర్మామీటరు ఈ పనికి అన్నిటికంటే ముఖ్యమైన సాధనాలని నేను నమ్ముతాను.

ఎప్పుడు విత్తాలన్నది రకాన్ని బట్టి ఉంటుంది. హలపీన్యో, కయెన్ వంటివి వారం నుంచి రెండు వారాల్లో మొలకెత్తుతాయి. హబనేరో, భూత్ జొలోకియా, కరోలినా రీపర్ వంటి అతి ఘాటు రకాలు వేరే జాతికి చెందినవి. వాటికి మూడు నాలుగు వారాలు, ఒక్కొక్కసారి ఆరు వారాలు కూడా పట్టవచ్చు. కాబట్టి మొక్కను ఆరుబయట నాటదలచిన రోజునుంచి వెనక్కు లెక్కించి, మొదటి రకాలను ఎనిమిది వారాల ముందు, రెండో రకాలను పది పన్నెండు వారాల ముందు విత్తుకోవాలి.

విత్తనం కోసం పండి రంగు తిరిగిన కాయనే తీసుకోవాలి. పచ్చికాయలోని గింజలు ముదిరి ఉండవు. సంకర రకాల కాయలనుంచి తీసిన గింజలు తల్లి మొక్కను పోలి వస్తాయన్న భరోసా లేదు. గింజలు తీసేటప్పుడు చేతి తొడుగులు తప్పనిసరి. ఘాటుకు మూలమైన క్యాప్సైసిన్ తయారయ్యేది గింజల్లో కాదు, గింజలు అంటిపెట్టుకుని ఉండే తెల్లని భాగంలో. గింజలకు దాన్నుంచే అంటుకుంటుంది.

తోట మట్టి ఇందుకు పనికిరాదు. అది బరువుగా ఉండి గట్టిపడుతుంది, తెగుళ్లను కలిగించే శిలీంధ్రాలను వెంట తెస్తుంది. ఉప్పు పోయేలా కడిగిన కొబ్బరిపొట్టులో కొంత పెర్లైటు (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్లని గుళికలు) కలిపితే చాలు. గింజలను రాత్రంతా గోరువెచ్చని నీటిలో నానబెట్టడం మేలే కాని, మట్టి వెచ్చగా ఉంటే అది లేకున్నా నష్టం లేదు. ప్రోట్రే (గుంటలున్న నారు ట్రే)లోని ఒక్కో గుంటలో అర సెంటీమీటరు లోతున గింజ పెట్టి, పలచగా కప్పి, రకం పేరు, తేదీ రాసిన చీటీ గుచ్చాలి. పైన పారదర్శకమైన మూత ఉంచి, రోజుకొకసారి తీసి గాలి తగలనివ్వాలి. మట్టి పిండిన స్పాంజిలా చెమ్మగా ఉండాలే తప్ప నీరు నిలవకూడదు. మొలక కనిపించలేదన్న ఆత్రంతో మట్టిని తవ్వి చూడవద్దు. ఒకసారి నేను అలా తవ్వినప్పుడు, మరునాటికి పైకి రావలసిన మూడు మొలకల వేళ్లు తెగిపోయాయి.

మొలక తల ఎత్తిన క్షణంనుంచి దాని అవసరాలు తలకిందులవుతాయి. అంతవరకు వెచ్చదనం ముఖ్యం, ఇకపై వెలుతురు ముఖ్యం. మూత తీసేసి, అడుగున వేడి తగ్గించి, రోజుకు 14 నుంచి 16 గంటలు ఎల్‌ఈడీ దీపం కింద ఉంచాలి. కిటికీ వెలుగు మాత్రమే దిక్కైతే కాడ సన్నగా సాగి ఒరిగిపోతుంది. దీపం ఎంత ఎత్తున ఉండాలో మొక్కే చెబుతుంది: సాగితే దించాలి, ఆకులు పాలిపోతే లేదా అంచులు ముడుచుకుంటే ఎత్తాలి. గింజ తొడుగు ఆకులను పట్టుకుని వదలకపోతే దానిపై ఒక నీటిబొట్టు వేసి, కొన్ని గంటలు మెత్తబడనిచ్చి, ఆ తరువాతే మెల్లగా తీయాలి.

లేత నారును రాత్రికి రాత్రి నేలకూల్చేది నారుకుళ్లు తెగులు. మట్టిని ఆనుకున్న చోట కాడ నీరుపట్టినట్లు మెత్తబడి విరిగిపోతుంది, పడిన మొలకను బతికించలేము. ట్రేను పళ్లెంలోని నీటిలో అరగంట ఉంచి అడుగునుంచి తడపడం, పైమట్టిని కాస్త ఆరనివ్వడం, చిన్న ఫ్యాన్‌తో గాలి ఆడేలా చూడటం దీనికి సరైన నివారణ.

మొలకలో మొదట విచ్చుకునే జత ఆకులైన బీజదళాల తరువాత అసలు ఆకులు వచ్చాక, ద్రవ ఎరువును చెప్పిన మోతాదులో నాలుగో వంతుకు పలచన చేసి ఇవ్వడం మొదలుపెట్టవచ్చు. రెండు మూడు జతల ఆకులు రాగానే, కాడను కాక ఆకును పట్టుకుని చిన్న కుండీలోకి మార్చాలి. బయట నాటేముందు వారం పది రోజులపాటు, మొదట నీడలో గంటసేపటితో ప్రారంభించి క్రమంగా ఎండకు అలవాటు చేయాలి. ఈ మెట్టు దాటేస్తే ఆకులు తెల్లగా మాడిపోతాయి.

మొక్కను ఇంట్లోనే ఉంచదలిస్తే పెద్ద కుండీ ఇచ్చి, పేనుబంక, నల్లి పట్టకుండా ఆకుల అడుగుభాగం తరచూ చూడాలి. మిరప పువ్వు తన పుప్పొడితోనే కాయ కట్టగలదు, అయితే లోపల గాలి కదలిక ఉండదు కనుక పూలు విచ్చినప్పుడు కొమ్మను రోజూ వేలితో మెల్లగా తట్టాలి.