పాత సీసా, కొత్త సీసా: రమ్ము టేస్ట్ నిజంగా మారిందో లేదో ఇంట్లోనే తేల్చుకోడం ఎలా

మా బావ మర్చంట్ నేవీ, సెలవుకి వచ్చినప్పుడల్లా డ్యూటీ ఫ్రీలో ఒక ఫుల్ పట్టుకొస్తాడు, సెంట్రల్ అమెరికా రమ్ము, కూల్ డ్రింక్ కలపకుండా చిన్న చిన్న గుక్కల్లో తాగే రకం. నాలుగేళ్ల కిందటి సీసాలో ఇంకా మూడో వంతు బీరువాలో ఉండగానే పోయిన డిసెంబర్లో కొత్తది తెచ్చాడు, లేబుల్ మారింది. విశాఖ ఎంవీపీ కాలనీలో మా మేడ మీద ఐదుగురం కూర్చుని రెండూ పక్కపక్కన పోసుకున్నాం, ఒక్క గుక్కకే "ఏటి గురూ ఇది, ఇంత పలచబడిపోయింది, పాతదే పాతది" అని అందరిదీ ఒకటే మాట, నేనూ అదే అన్నాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే ఆ రోజు మేం పోల్చిన పద్ధతే మొత్తం తప్పని అర్థమైంది. ఇలాంటి డౌట్ మీకూ వస్తే ఎలా తేల్చుకోవాలో చెప్తాను.

ముందు లేబుల్ చదవండి. అంకె ఒక్కటే కాదు, అంకె పక్కన ఏం రాశారో చూడాలి. రాన్ జకాపా అనే రమ్ము మీద ఒకప్పుడు 23 ఏళ్లు అని స్పానిష్‌లో ఉండేది, తర్వాత సోలెరా 23 అని మారింది, సోలెరా అంటే పీపాల్లో వేర్వేరు ఏళ్లు మాగిన రమ్ములు కలిపే పద్ధతి, లోపల 6 ఏళ్ల నుంచి 23 ఏళ్ల దాకా వయసున్న రమ్ములు కలిసి ఉంటాయి. అదే గయానా, జమైకా, బార్బడోస్ రమ్ముల మీద 12 అని ఉంటే అందులో అన్నిటికంటే చిన్నదాని వయసు 12 అని, ఈ రెండు అంకెలకీ పోలికే లేదు. తర్వాత ఏ దేశంలో తయారైందో చూడండి. జాయా అనే రమ్ము మొదట గ్వాటెమాలాది, తర్వాత తయారీ ట్రినిడాడ్‌కి మారింది, పేరు మాత్రం అదే. కాబట్టి ఎవరైనా జాయా సూపర్ అన్నా, జాయా పాడైపోయింది అన్నా, ముందు ఏ జాయా అని అడగాలి. గ్వాటెమాలాది తాగినవాళ్లకి అదే అసలు, ట్రినిడాడ్‌దానితో మొదలుపెట్టినవాళ్లకి ఆ వెనీలా వాసనే జాయా, ఇద్దరూ మనసులో మాటే చెప్తున్నారు గానీ చెప్తున్నది రెండు వేర్వేరు రమ్ముల గురించి. ఆల్కహాల్ శాతం కూడా చూడండి, మన దేశం రమ్ములు ఎక్కువగా 42.8 ఉంటాయి, బయటివి చాలావరకు 40, ఒకే బ్రాండ్‌లో ఇది రెండు మూడు పాయింట్లు తగ్గినా నోటికి పలచగా తెలుస్తుంది, దానికి రెసిపీ మారక్కర్లేదు.

ఇంకో కారణం తీపి. యూరోపియన్ యూనియన్ 2019లో చట్టం చేసి 2021 మే 25 నుంచి, రమ్ము అని పేరు పెట్టాలంటే తీపి కోసం కలిపింది లీటరుకి 20 గ్రాములు దాటకూడదు అంది. అంతకు మించి తీపి కలిపేవాళ్లకి రెండే దార్లు, తీపి తగ్గించుకోవాలి లేదా రమ్ము అనే మాట వదులుకోవాలి. ఫిలిప్పీన్స్ డాన్ పాపా అక్కడ స్పిరిట్ డ్రింక్ అని అమ్ముడుపోతోంది. అందుకే ఈమధ్య కొన్ని సిప్పింగ్ రమ్ముల మీద జనం మాట రెండుగా చీలిపోయింది, తీపి తగ్గితే "పాత మజా పోయింది" అనేవాళ్లు కొందరు, "ఇన్నాళ్లకి పీపా చెక్క వాసన తెలుస్తోంది" అనేవాళ్లు కొందరు. నేను రెండో వైపే, కానీ మొదటివాళ్లని తప్పు పట్టను, వాళ్లు ఇష్టపడ్డది ఆ తీపినే.

ఇప్పుడు మేం చేసిన తప్పు. మాది నాలుగేళ్ల కిందట సీల్ తీసిన సీసా, అందులో రెండొంతులు గాలి. గాలి తగిలేకొద్దీ రమ్ము మారుతుంది, ఘాటు తగ్గుతుంది, పై వాసనలు పోతాయి. అంటే మేం పాత రెసిపీని కాదు, నాలుగేళ్లు గాలి తగిలిన రమ్ముని నిన్న మూత తీసిన రమ్ముతో పోల్చాం. పోల్చాలంటే రెండూ సీల్ ఉన్నవి కావాలి, ఒకే రోజు తియ్యాలి. పాతది ఒక్కటే ఉండి దాచుకోవాలంటే ఖాళీ క్వార్టర్ సీసాలు కడిగి బాగా ఆరబెట్టి, అదే రమ్ము ఒక చెంచా పోసి తిప్పి పారబోసి, మెడ దాకా నింపి మూత బిగించండి. 750 ఎంఎల్ నాలుగు క్వార్టర్లకి సరిపోతుంది, 30 మిగులుతుంది, ఆ మిగిలింది మీదే. కార్క్ ఉన్న సీసాని నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే ఆల్కహాల్ కార్క్‌ని తినేస్తుంది.

జ్ఞాపకాన్ని కూడా నమ్మొద్దు. మన వైపు కొన్నేళ్లు షాపుల్లో అలవాటైన బ్రాండ్లు సరిగ్గా దొరకలేదు కదా, తిరిగి దొరికిన రోజు మా ఫ్రెండ్ సర్కిల్‌లో సగం మంది ఫలానా రమ్ము మారిపోయింది అన్నారు. మారింది రమ్మో, ఐదేళ్లలో మన నాలుకో, పక్కన పాత సీసా లేకుండా చెప్పలేం.

అసలు పరీక్ష మూడు గ్లాసులది. ఒకేలాంటి చిన్న స్టీలు గ్లాసులు మూడు తీసుకోండి, స్టీలు ఎందుకంటే రంగు కనపడకూడదు, రంగు కోసం కారమెల్, అంటే మాడ్చిన పంచదార, కలుపుతారు కాబట్టి ముదురు రంగు చూడగానే మనసు పాతది అనేసుకుంటుంది. మా చెల్లి బొట్టుబిళ్ళలు గ్లాసుల అడుగున అంటించింది, పాతదానికి ఎరుపు, కొత్తదానికి ఆకుపచ్చ, రెండు గ్లాసుల్లో ఒకటే రమ్ము, మూడోదాంట్లో రెండోది, గ్లాసుకి 10 ఎంఎల్. పోసినవాళ్లు పక్క గదిలోకి వెళ్లిపోవాలి, మొహం చూసి కూడా కనిపెట్టేస్తారు. తాగేవాళ్లు చెప్పాల్సింది ఒక్కటే, మూడిట్లో వేరేది ఏది. ఏది బాగుందని అప్పుడే అడక్కండి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి కరెక్ట్ అవుతుంది కాబట్టి ఒక్క రౌండ్‌తో ఏమీ తేలదు. ఐదు రౌండ్లలో నాలుగైనా కరెక్ట్ అయితే అది అదృష్టం కొద్దీ జరిగే ఛాన్స్ నూటికి ఐదు లోపే, అప్పుడు తేడా ఉందని నమ్మొచ్చు. రోజుకి రెండు రౌండ్లే చెయ్యండి, అంతకు మించితే నాలుక మొద్దుబారుతుంది, ఆ రోజు బండి తియ్యొద్దు.

టైము, చోటు కూడా ముఖ్యమే. మే నెల సాయంత్రం మేడ మీద ఉక్కపోతలో, బీచ్ రోడ్డులో ఉల్లిపాయ వేసిన మురీ మిక్చర్ తిని వచ్చి కూర్చుంటే మీకు తెలిసేది కారం ఒక్కటే. వేడికి ఆల్కహాల్ ముక్కులోకి కొడుతుంది, వెనక ఉన్న వాసనలు అందవు. ఏసీ గదిలో, భోజనానికి ముందు, మధ్యలో మంచినీళ్లు. ముక్కు గ్లాసులో పెట్టెయ్యకుండా కొంచెం దూరం నుంచి, నోరు కాస్త తెరిచి పీల్చండి. వాసనలకి పేర్లు మనవే పెట్టుకోండి, ఎవరో రాసిన టాఫీలు, ప్లమ్ములు మనకెందుకు. నాకు పాతదాంట్లో వచ్చింది అనకాపల్లి బెల్లం బట్టీ దగ్గర పాకం పొంగేటప్పటి వాసన, కొత్తదాంట్లో వేయించిన అరకు కాఫీ గింజలు, ఎండు ఖర్జూరం.

తీపి అనుమానం ఉంటే ఇంకో పని. రెండు సాసర్లలో కొలిచి రెండేసి చెంచాలు పోసి, దోమతెర గుడ్డ కప్పి, పొయ్యికి దూరంగా ఫ్యాన్ కింద రెండు రోజులు వదిలెయ్యండి. తీపి కలపని రమ్ము ఆరిపోయాక పల్చటి మరకే మిగులుతుంది, కలిపినదాంట్లో వేలు పెడితే జిగురు. మన సముద్రపు గాలికి పంచదార పూర్తిగా ఎండదు కాబట్టి ఒక్కదాన్ని చూసి తేల్చొద్దు, రెండూ పక్కపక్కనే ఉండాలి.

మా సంగతికొస్తే, బావ స్నేహితుడి దగ్గర సీల్ తియ్యని పాత సీసా దొరికింది. మూడు రోజులు, ఐదు రౌండ్లు. ఆ రోజు అంత గట్టిగా మాట్లాడిన ఐదుగురిలో ఇద్దరికే నాలుగు కరెక్ట్ అయ్యాయి, బావకి, నాకు. సాసర్లో పాతది వేలికి అంటుకుని సాగింది, కొత్తది దాదాపు ఏమీ లేదు. అంటే మారింది నిజమే, మారింది తీపి. బీరువాలోని సీసా దానికి తోడు గాలికి ఘాటు తగ్గి మెత్తబడింది, దాన్ని మేం పాత రెసిపీ గొప్పతనం అనుకున్నాం. బావకి ఇప్పటికీ పాతదే ఇష్టం, మిగిలింది క్వార్టర్ సీసాల్లో నింపి పట్టుకెళ్లిపోయాడు, కొత్త ఫుల్ నాకు వదిలేశాడు.