చేతి కండరాలు, 4వ పాఠం: వంచుతూనే చాపే లంబ్రికల్స్

లంబ్రికల్స్ అంటే అరచేతిలోని నాలుగు చిన్న కండరాలు. వాటిలోకి వెళ్లేముందు 3వ పాఠంలోని వేళ్ల పరీక్షను, అంటే వేళ్లను వంచే రెండు కండరాలను విడివిడిగా చూసే పరీక్షను, సరిచేసుకోవాలి. ఎక్కువమంది అక్కడే తడబడ్డారు.

ఆ రెండింటి పేర్లు పొడుగు కాబట్టి ఫ్లెక్సర్ డిజిటోరం సూపర్‌ఫిషియాలిస్‌ను ‘పైది’ అని, ప్రొఫండస్‌ను ‘లోతుది’ అని రాస్తాను. పైదాని టెండన్ (కండను ఎముకకు కలిపే తాడు) వేలి మొదటి ఎముక దగ్గర రెండుగా చీలి, నడిమి ఎముక పక్కలకు అతుక్కుంటుంది. ఆ చీలికలోంచి లోతుది ముందుకు సాగి చివరి ఎముక మొదట్లో ఆగుతుంది. అందుకే చివరి కణుపును వంచగలిగేది లోతుది ఒక్కటే. బొటనవేలు వేరు, దాని సంగతి 5వ పాఠంలో.

ఒక వేలి పైదాన్ని విడిగా పరీక్షించాలంటే మిగతా మూడు వేళ్లనూ కొసల దాకా చాచి పట్టుకుని, ఆ వేలిని వంచాలి. మీలో చాలామంది మొదటి కణుపుల (వేలు అరచేతిని కలిసే చోట్ల) దగ్గర మాత్రమే నొక్కి, కొసల్ని వదిలేశారు. నడిమి, ఉంగరపు, చిటికెన వేళ్లకు వెళ్లే లోతుదాని కండ దాదాపు ఉమ్మడిది. రెండు కొసలు చాచి ఉంటే మూడోదాన్ని అది లాగలేదు. సరిగ్గా పట్టుకుంటే వంచిన వేలి చివరి కణుపు వదులుగా ఉంటుంది, రెండో చేత్తో తడితే ఊగుతుంది.

చూపుడువేలికి ఈ పద్ధతిని నమ్మకండి. దాని లోతుది చాలావరకు స్వతంత్రం, కాబట్టి పరీక్షను తప్పించుకుంటుంది. నాకు నచ్చిన దారి: బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాగితం పెట్టి, చూపుడువేలి కొస వెనక్కి వంగేలా గట్టిగా నొక్కడం. అలా నొక్కగలిగితే పైది పనిచేస్తున్నట్టే. చిటికెనవేలు ఒంటరిగా వంగకపోతే ఉంగరపువేలిని వదిలి, రెండూ కలిపి వంచి చూడండి. కొందరిలో ఆ వేలికి పైది ఉండదు, లేదా ఉంగరపువేలి దానితో కలిసి ఉంటుంది. అది గాయం కాదు.

ఇక లంబ్రికల్స్. నాలుగూ వానపాముల్లా సన్నగా ఉంటాయి, లాటిన్ పేరు కూడా అక్కడిదే. లోతుదాని టెండన్ల మీదే పుట్టి, వేలికి బొటనవేలి వైపు నుంచి వెళ్లి, వేలి వెనక పరుచుకున్న, వేలిని చాపే ఎక్స్‌టెన్సర్ పొరలో కలుస్తాయి. ఎముకతో సంబంధమే లేదు.

‘లంబ్రికల్స్ వేళ్లను వంచుతాయి’ అని రాసి వదిలేయడం సగం తప్పు. ఆ సగమే తర్వాత అన్నిటినీ చెడగొడుతుంది. కణుపును తలుపు బందు అనుకోండి. లాగే తాడు బందుకు అరచేతి వైపు నుంచి వెళ్తే కణుపు వంగుతుంది, వెనక వైపు నుంచి వెళ్తే చాపుకుంటుంది. లంబ్రికల్ మొదటి కణుపుకు అరచేతి వైపు, మిగతా రెండింటికి వెనక వైపు ఉంటుంది. కాబట్టి ఒకే లాగుడుతో మొదటిది వంగి, మిగతా రెండూ చాపుకుంటాయి. పైగా అది బిగిసినప్పుడు లోతుదాని టెండన్‌ను కొస వైపు లాగి వదులు చేస్తుంది, చాపడం ఇంకా తేలికవుతుంది. పుస్తకాన్ని అంచు దగ్గర నాలుగు వేళ్లతోనూ బొటనవేలితోనూ పట్టుకున్నప్పుడు వేళ్లు ఉండే తీరు అదే. నమ్మకం కుదరకపోతే చూపుడువేలి పక్కన పెన్నుతో గీయండి: అరచేతిలో మొదలై, మొదటి కణుపు ముందుగా సాగి, మొదటి ఎముక సగంలో వెనక్కి ఎక్కి, కొస దాకా.

ఇంటర్‌ఆసియై (అరచేతి ఎముకల మధ్య ఉండే చిన్న కండరాలు) కూడా ఇదే పని చేస్తాయి, దానికితోడు వేళ్లను విప్పుతాయి, దగ్గరికి చేరుస్తాయి. వెనకవి నాలుగు విప్పుతాయి, అరచేతివి మూడు చేరుస్తాయి. కొలత నడిమివేలి నుంచి, శరీరం మధ్యగీత నుంచి కాదు.

ఇంటర్‌ఆసియై అన్నీ, చివరి రెండు (ఉంగరపు, చిటికెన వేళ్ల) లంబ్రికల్స్ అల్నార్ నరానివి, అంటే చేతిలో చిటికెనవేలి వైపు సాగే నరం వాటిని కదిలిస్తుంది. మొదటి రెండు లంబ్రికల్స్ మీడియన్‌వి, అది ముంజేయి మధ్యగా సాగే నరం. మణికట్టు దగ్గర అల్నార్ నరం తెగితే ఉంగరపు, చిటికెన వేళ్లు మొదటి కణుపు దగ్గర వెనక్కి విరుచుకుని, మిగతా కణుపుల దగ్గర పంజాలా ముడుచుకుంటాయి.

అభ్యాసం: రెండు చేతుల్లో ఎనిమిది వేళ్లకూ పైది, లోతుది విడివిడిగా పరీక్షించి పట్టిక రాయండి. తర్వాత ఒక్కో వేలి సందులో కాగితం పెట్టించి, ఎవరినైనా లాగమనండి. ఏ ఇంటర్‌ఆసియై పట్టుకున్నాయో ప్రతి సందుకూ పేరుతో రాయండి. చివరి ప్రశ్న: అల్నార్ నరం మోచేతి దగ్గర తెగితే, ఆ వేళ్లు ముడుచుకోవడం మణికట్టు గాయంలో కంటే తక్కువగా కనిపిస్తుంది. ఎందుకు? జవాబుకు కావలసిన కండరం పేరు ఈ పాఠంలోనే ఉంది.