నల్లేరు: దురద లేకుండా వండటం, కట్టులో వాడటం

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో నల్లేరు కొనక్కర్లేదు. తోట కంచె మీదో, గట్టు మీది తుప్పల్లోనో అల్లుకుని ఉంటుంది. కాడ నాలుగు పలకలు, కణుపు దగ్గర నొక్కినట్టు సన్నం, ఆకుకి ఎదురుగా నులితీగ. విరిస్తే పాలు రావు. పాలు కారాయంటే అది జెముడు. ఆ చేత్తో కళ్ళు ముట్టకుండా వెంటనే కడుక్కోండి.

వానలు పడ్డాక వచ్చే చిగురే వంటకి పనికొస్తుంది. కొస నుంచి రెండు మూడు కణుపులు, అంతే. గోరుతో నొక్కితే టక్కున తెగాలి. వేసవిలో కోసిన ముదురు కాడ ఎంత వేయించినా పీచే, పైగా దురద ఎక్కువ.

ఆ దురద కాడలోని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాల వల్ల వస్తుంది. చేతులకి ముందే నువ్వుల నూనె రాసుకోండి. కాడలు కొయ్యకముందే కడిగి తుడవాలి. కోశాక కడిగితే జిగురు తేలి చేతులకి అంటుకుంటుంది. కణుపులు కోసి పారేసి, నాలుగు అంచుల నార కూడా బీన్స్‌కి తీసినట్టు లాగెయ్యాలి.

పచ్చడికి పావుకిలో కాడలు, నిమ్మకాయంత చింతపండు, పది ఎండుమిరపకాయలు, మూడు చెంచాల నువ్వులు, రెండు చెంచాల మినప్పప్పు, కాస్త జీలకర్ర, ఉప్పు, చిన్న బెల్లం ముక్క చాలు. పప్పు, నువ్వులు, మిరపకాయలు, జీలకర్ర విడిగా వేయించి పెట్టుకోండి. మూకుడులో నాలుగు చెంచాల నువ్వుల నూనె పోసి, ముక్కల్ని సన్నటి మంట మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు వేయించాలి. మూత పెట్టకూడదు, పెడితే ఉడుకుతాయి గానీ వేగవు. పచ్చదనం పోయి, ముడుచుకుని, అంచులు ఎర్రబడాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: రంగు మారగానే దించేస్తారు. ఒక ముక్క చల్లార్చి నాలుక కొసకి తాకించి రెండు నిమిషాలు ఆగండి. చురచురమంటే ఇంకా వేగాలి. వేగాక చింతపండు, ఉప్పు, బెల్లం, ముందు వేయించినవీ కలిపి నూరండి. నూరాక దురద తెలిస్తే మరికాస్త చింతపండు కలిపి, పచ్చడిని మళ్ళీ నూనెలో మగ్గించండి. పులుపు తగ్గించి చేసిన నల్లేరు పచ్చడి గొంతుని వదలదు. చోడి (రాగి) అంబలిలో నంజుకోవడానికి దీన్ని మించింది లేదు.

మూత్రపిండాల్లో రాళ్ళున్నవారు, గర్భిణులు దీన్ని మానాలి. షుగర్ మాత్రలు వాడేవారు డాక్టరుకి చెప్పి తినాలి.

ఇక కట్టు. సంస్కృతంలో దీని పేరే అస్థిసంహారి, అంటే ఎముకల్ని కలిపేది. ఎముకలు కట్టే నాటు వైద్యులు కాడని దంచి, వేడి చేసి, వాపు మీద పట్టు వేస్తారు. పచ్చి ముద్ద నేరుగా చర్మం మీద పెడితే బొబ్బలెక్కవచ్చు. అందుకే నూనెలో మగ్గించి, గోరువెచ్చగా, పల్చటి నూలు గుడ్డ మీద పరిచి వెయ్యాలి. గాయం తెగి ఉంటే వద్దు. అన్నిటికన్నా ముందు ఎక్స్‌రే: పక్కకి జరిగిన ఎముకని ఏ ఆకూ సరిచెయ్యదు, వంకరగా అతుక్కుంటే మళ్ళీ ఆపరేషనే. కట్టు కింద వేలు దూరేంత వదులుండాలి. వేళ్ళు చల్లబడినా, నీలం తిరిగినా, తిమ్మిరెక్కినా అప్పటికప్పుడు విప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, తెల్లారేదాకా ఆగకూడదు.