స్కోప్‌లో వేవ్‌ఫామ్ నిలవడం లేదా? ముందు ట్రిగ్గర్ చూడండి

ఆసిలోస్కోప్ తెర మీద వేవ్‌ఫామ్ పక్కకి జారిపోతుంటే చాలామంది చెయ్యి ముందు టైమ్‌బేస్ నాబ్ (తెర అడ్డంగా ఎంత సమయం చూపాలో పెట్టేది) మీదికే పోతుంది. అది తిప్పితే జారే తీరు మారుతుంది గానీ వేవ్ ఆగదు. స్కోప్ ప్రతిసారీ సిగ్నల్‌లో ఒకే చోట నుంచి గీయాలి. ఆ చోటేదో చెప్పేది ట్రిగ్గర్.

వేవ్ జారిపోతోంది
ట్రిగ్గర్ లెవెల్ (సిగ్నల్ ఏ వోల్టేజీ దాటితే గీయాలో) చూపే బాణం సిగ్నల్‌కి పైనో కిందో ఉండి ఉంటుంది. లేదా ప్రోబ్ ఒకటో ఛానల్‌కి ఉంటే సోర్స్ (ట్రిగ్గర్ కోసం చూసే ఛానల్) రెండోదానికి పెట్టి ఉంటుంది. ఆటో మోడ్‌లో ట్రిగ్గర్ దొరక్కపోయినా స్కోప్ కాసేపు చూసి తనంతట తనే గీసేస్తుంది, అందుకే ఈ పరుగు. సోర్స్ సరిచేసి, లెవెల్‌ను సిగ్నల్ మధ్యకి తెండి. దీనికోసం ఆటోసెట్ బటన్ నొక్కకండి, మీరు పెట్టుకున్న మిగతా సెట్టింగులన్నీ మార్చేస్తుంది.

లెవెల్ సరిగ్గానే ఉన్నా, సెకనుకి ఒకటి రెండు పల్సులే వచ్చే సిగ్నల్ ఆటోలో నిలవదు. ట్రిగ్గర్ వస్తేనే గీసే నార్మల్ మోడ్‌కి మారండి.

తెర ఖాళీగా ఉంది, లేదా పాత బొమ్మే కదలకుండా ఉంది
నార్మల్‌లో ఉన్నారు, ట్రిగ్గర్ రావడం లేదు. ఆటోకి వెళ్లి సిగ్నల్ ఎక్కడుందో చూసి, లెవెల్ అక్కడ పెట్టి వెనక్కి రండి.

వేవ్, దాని తలకిందుల రూపం ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి
స్లోప్ (ఎక్కే అంచుకా దిగే అంచుకా ట్రిగ్గర్ అవ్వాలో చెప్పేది) రైజింగ్‌కే, అంటే ఎక్కే అంచుకే పెట్టినా, దిగే అంచు మీది నాయిస్‌లో చిన్న చిన్న ఎక్కుడు అంచులు ఉంటాయి. స్కోప్ వాటికీ ట్రిగ్గర్ అవుతుంది. ముందు ప్రోబ్ గ్రౌండ్ తీగ పొట్టిగా ఉండేలా చూడండి. అప్పటికీ తగ్గకపోతే ట్రిగ్గర్ మెనూలో నాయిస్ రిజెక్ట్ లేదా హెచ్‌ఎఫ్ రిజెక్ట్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీలను వడపోసేది) పెట్టండి. హెచ్‌ఎఫ్ రిజెక్ట్ ట్రిగ్గర్ దారిలోనే వడపోస్తుంది, తెర మీది వేవ్‌ను మార్చదు. సిగ్నలే మెగాహెర్ట్జ్‌లలో ఉంటే మాత్రం అసలు ట్రిగ్గరే పోతుంది.

సీరియల్ డేటా కలగాపులగంగా కనిపిస్తోంది
నన్ను ఎక్కువ సతాయించింది ఇదే. లెవెల్, స్లోప్, సోర్స్ అన్నీ సరిగ్గానే ఉంటాయి, బొమ్మ మాత్రం నిలవదు. మెసేజ్‌లో దిగే అంచులు ఎన్నో ఉంటాయి, స్కోప్ ఒకసారి ఒకదాన్నీ ఇంకోసారి ఇంకోదాన్నీ పట్టుకుంటుంది. దీనికి మందు హోల్డాఫ్: ఒకసారి ట్రిగ్గర్ అయ్యాక అంతసేపు ఇంకో ట్రిగ్గర్‌ని ఒప్పుకోదు. 9600 బాడ్ (సెకనుకి 9600 బిట్లు) యూఆర్ట్ సీరియల్ లైన్‌లో బిట్‌కి సుమారు 104 మైక్రోసెకన్లు, స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి బైట్‌కి 1.04 మిల్లీసెకన్లు. పది బైట్ల మెసేజ్ 10.4 మిల్లీసెకన్లు. అది ప్రతి 100 మిల్లీసెకన్లకి వస్తుంటే హోల్డాఫ్ 50 మిల్లీసెకన్లు పెట్టండి. గడువు ఖాళీ సమయంలో ముగుస్తుంది, తర్వాత దొరికే మొదటి దిగే అంచు కొత్త మెసేజ్ స్టార్ట్ బిట్టే అవుతుంది.

ఒక్కసారే వచ్చేది దొరకడం లేదు
పవర్ ఆన్ చేసిన క్షణంలాంటి వాటికి, ఒక్క ట్రిగ్గర్‌కి గీసి ఆగిపోయే సింగిల్ మోడ్. ముందు సింగిల్ నొక్కండి, ఆ తర్వాతే సప్లై ఆన్ చేయండి.